చప్పుడు చేసే కాలు

ఫిబ్రవరి 11

అక్కా,

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా మీ షెడ్డులో సానపట్టే మిషను రొదలో "ఆఁ? ఏంటీ?" తప్ప ఇంకేం వినపడదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

నీ తమ్ముణ్ణి జడ్జిని చేశారు. కోర్టులో కాదులే. కళల ఫౌండేషన్ వాళ్ళు ఏటా ఒక ప్రైజిస్తారు కదా, కొత్త దారి తొక్కిన కళాకారులకని, దానికి ఐదుగురు జడ్జిల్లో నేనొకణ్ణి. ఇరవై ఎనిమిదేళ్ళుగా పేపర్లో వారం వారం కళల మీద రాస్తున్నాను. ఇన్నాళ్ళకి వాళ్ళ కళ్ళు తెరుచుకున్నాయి.

బొమ్మలు గీసేవాళ్ళు, ఆడేవాళ్ళు, పాడేవాళ్ళు, సినిమాలు తీసేవాళ్ళు, అందరూ ఒకే పోటీలో. గుర్రాన్నీ గొడుగునీ పక్కపక్కన నిలబెట్టి ఏది మేలో చెప్పమన్నట్టుంది నా పని. షరతు ఒక్కటే, "కొత్తగా" ఉండాలి. బాగుండాలని మాత్రం ఎక్కడా రాయలేదు.

వచ్చినవి అరవై రెండు. ఒకాయన ఐసు పలకల మీద కవితలు రాస్తాడు. చదివేలోపు కారిపోతాయి. ఆ కవితలు చూశాక నాకు ఐసు మీద గౌరవం పెరిగింది. ఇంకొకాయన ఖాళీ హాల్లో నలభై టెలిఫోన్లు పెట్టాడు. ఒకదాని తర్వాత ఒకటి మోగుతుంటాయి, ఎవరూ ఎత్తకూడదు. మా ఆఫీసులో రోజూ జరిగేది అదే, మాకెవరూ ప్రైజివ్వలేదు. ఒకావిడ ఏడాదిపాటు ఒకే మెట్ల వరసని సినిమా తీసింది. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు, నాలుగు గంటలు. తోటి జడ్జి, రిటైరైన సంగీతం మాస్టారు, చూస్తూ చూస్తూ గురక పెట్టాడు. లేచి "ఎంత గొప్ప నిశ్శబ్దం!" అన్నాడు.

అసలు సంగతికొస్తా. ఇందులో మీ శాఖ కూడా ఉంది. ఒక కాలు లేని డాన్సర్. కృత్రిమ కాలు పెట్టుకుని ఆడుతుందట, ఆ కాలు టకటకమని చప్పుడు చేస్తుందట. జాలి మీద బతకడం పాత విద్య, దానికి తాళం వేయడం కొత్త విద్య కాబోలు. మీరు చేసే కాళ్ళు నిజంగానే అంత చప్పుడు చేస్తాయా? రెండు ముక్కలు రాయి, మీటింగులో పనికొస్తాయి.

నీ మరదలు అడిగినట్టు చెప్పమంది. ఈ మధ్య నేను ఇంట్లో కూడా తీర్పులు చెబుతున్నానట. బావకి నమస్కారాలు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 19

ఒరేయ్ చిన్నా,

జడ్జిగారికి దణ్ణాలు. నిన్ను ఎంచుకున్నవాళ్ళని తలుచుకుంటే జాలేస్తోంది. రెండు చొక్కాల్లో ఏది వేసుకోవాలో తేల్చుకోలేక బనీనుతో బడికెళ్ళిన మనిషివి నువ్వు.

నువ్వడిగిన ఆ కాలు నేను చేసిందేరా.

పోయినేడు వర్షాల్లో వచ్చింది ఆ పిల్ల. పిల్లంటే ముప్పై దాటి ఉంటాయి. లారీ గుద్దితే తొడ సగానికి తీసేశారు. మా షెడ్డుకి వచ్చేవాళ్ళందరూ అడిగేది ఒకటే. "మేడమ్, చూస్తే తెలియకూడదు, నడిస్తే వినపడకూడదు." ఇరవై ఆరేళ్ళుగా నేను చేస్తున్నదీ అదే. మోకాలు చాచినప్పుడు ఇనుముకి ఇనుము తగలకుండా లోపల ఒక రబ్బరు ముక్క పెడతాం. మడమకి మెత్త వేస్తాం. తొడ దూరే గిన్నెలోంచి గాలి జారకుండా బిరడా బిగిస్తాం. ఎక్కడైనా కిర్రుమందంటే అన్నం సయించదు నాకు.

ఈవిడ తొలిరోజే, "ఆ రబ్బరు ముక్క తీసెయ్యండి మేడమ్" అంది.

"తీస్తే టక్కుమంటుందమ్మా."

"అనాలి. మడమకి మెత్త కాదు, చెక్క వెయ్యండి. గాలి వదిలినప్పుడు బుస్సుమనాలి."

"రోడ్డు మీద అందరూ తిరిగి చూస్తారు తల్లీ!"

"ఇప్పుడూ చూస్తున్నారుగా. నేను వినమంటున్నాను."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా నేను చంపుకుంటూ వచ్చిన చప్పుళ్ళన్నిటినీ పేరుపేరునా వెనక్కి పిలవమంటోంది. అయినా చేశాను. నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు బిగించాను. ప్రతిసారీ ఆ మోకాలికి చెవి ఆనించి, "ఇంకొంచెం పొడిగా మోగాలి మేడమ్" అనేది, అదేదో హార్మోనియం పెట్టె అయినట్టు. మీ బావతో అన్నాను, తుప్పు పట్టిన గేటు చప్పట్లు కొట్టమని అడిగినట్టుంది దీని వాలకం అని. ఆయన తాగుతున్న కాఫీ పొలమారింది.

ప్రోగ్రాం ఉందని నాలుగుసార్లు టికెట్టు ఇచ్చింది. నేనెందుకు వెళ్తాను? రోజంతా చూసేది కాళ్ళనే, సెలవు రోజు కూడానా?

మీ ప్రైజు సంగతి నాకనవసరం. ఒక మనిషి నడిచి వెళ్ళిపోతే అదే నాకు ప్రైజు. తిరిగి రిపేరుకి రాకపోతే ఇంకా పెద్ద ప్రైజు.

మరదలు చెప్పింది నిజమే అయ్యుంటుంది. నోరు అదుపులో పెట్టుకో.

అక్క


ఫిబ్రవరి 26

అక్కా,

నువ్వు మామూలుదానివి కాదు. తుప్పు పట్టిన గేటు! మీటింగులో ఆ మాట అన్నాను. ఐదుగురం కడుపు పట్టుకుని నవ్వాం. సంగీతం మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఎవరన్నారని అడిగితే, ఆ కాలు చేసినావిడే అన్నాను. మా అక్కవని చెప్పలేదు, బంధువర్గం అంటే బరువు తగ్గుతుంది.

అరవై రెండులో మూడు మిగిలాయి. టెలిఫోన్లాయన, మెట్ల సినిమా ఆవిడ, మీ గేటు. ఫైనల్‌కి వచ్చినవాటిని జడ్జిలు స్వయంగా వెళ్ళి, మొదలు నుంచి చివరిదాకా చూసి, చూశామని సంతకం పెట్టాలి. మొన్న ఆవిడ ప్రోగ్రాంకి వెళ్ళొచ్చాను కూడా. నువ్వన్నది అక్షరాలా నిజం. టక్కు, టక్కు, బుస్సు. మధ్యలో ఒక చూపు, నన్ను చూసి ఏడవండి అన్నట్టు.

నువ్వు బెంగ పడకు. నీ మనసులో ఏముందో నాకు అర్థమైంది. నీ పనిని బజారుకెక్కించింది, నీకు కష్టంగా ఉంది, నోరు తెరిచి చెప్పలేవు. ప్రైజు దాని చేతికి వెళ్ళకుండా చూసుకునే పూచీ నాది. వచ్చే ఆదివారం కాలమ్‌లో కూడా నాలుగు తగిలిస్తాను.

నీ తమ్ముడు


మార్చి 3

చిన్నా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. చేతికి ప్లాస్టరు అంటుకుని ఉండగానే రాస్తున్నాను, మరకలకి ఏమీ అనుకోకు.

ప్రైజు ఆమెకి రాకూడదని నేనెప్పుడన్నాను? బెంగ ఏంటి, పూచీ ఏంటి? నాకు ఒళ్ళు మండిందన్నాను. ఒళ్ళు మండడం వేరు, ఒకరి నోటి దగ్గరిది లాగెయ్యడం వేరు. నేను ఆ డాన్సు చూడనేలేదు. చూడనిదాని మీద నా మాటకి విలువేముంది? తమ్ముడివి కదాని వాగాను, అంతే.

ఆ గేటు మాట పేపర్లో వెయ్యకు. ఇంకోసారి చెబుతున్నాను, వెయ్యకు. ఆ పిల్ల మళ్ళీ నా బల్ల ముందు కూర్చుని కాలు నా చేతిలో పెట్టాలి.

అక్క


మార్చి 4

అక్కా,

ఇవాళ్టి కాలమ్ కత్తిరించి పంపిస్తున్నాను. బావకి చదివి వినిపించు. "చప్పుడుకి చప్పట్లా?" అని హెడ్డింగ్, నేనే పెట్టాను. చివరి పేరా నీకు కానుక. "ఆ కాలు చేసిన చేతులే దాన్ని చూసి నవ్వుతున్నాయి. తుప్పు పట్టిన గేటు చప్పట్లు కొట్టమని అడుగుతోందని ఆవిడే అన్నారు. ఇక మనం చెప్పేదేముంది?"

పొద్దుటినుంచీ ఫోన్లే ఫోన్లు. ఫౌండేషన్ చైర్మన్ స్వయంగా చేసి, "మీ కలం పదును తగ్గలేదండీ" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఇంత పేరు తెచ్చిన పేరా ఇంకొకటి లేదు. అందులో సగం నీదే. నా తరఫున నువ్వే ఏదైనా తీపి తిను.

నీ తమ్ముడు


మార్చి 11

ఒరేయ్,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నట్టున్నాయి. నీ కత్తిరింపు నాకు అందేసరికే ఆ పిల్ల దాన్ని చదివింది.

సోమవారం షెడ్డు తలుపు తీస్తుంటేనే వచ్చింది. బల్ల మీద పేపరు పరిచి, గోరుతో ఆ పేరా కింద గీత గీసింది.

"ఇది మీరన్నదేనా మేడమ్?"

అన్నానని చెప్పాను. ఇంకేం చెప్పను?

"నాలుగుసార్లు విప్పి బిగించారు కదా. నవ్వుకుంటూనే బిగించారా?"

కోపంగా అడగలేదురా. నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగింది. బెంచీ మీద కూర్చుంది, బిరడా తీసింది, ఆ బుస్సుమన్న చప్పుడు షెడ్డంతా వినపడింది. కాలు ఊడదీసి బల్ల మీద, ప్లాస్టరు డబ్బాల మధ్య పెట్టింది. మూలనున్న మా కర్రలు చంకలో పెట్టుకుని, "ఇవి రేపు పంపిస్తాను" అంటూ వెళ్ళిపోయింది.

మీ బావ పేపరు చదువుతూ ముందు నవ్వాడు. చివరి పేరా దగ్గర ఆగి, నా మొహం చూసి, పేపరు మడిచి అవతల పెట్టాడు. ఆ రోజు నాతో మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం మామూలుగా నాకు సుఖమే, ఆ రోజు మాత్రం కాదు.

శనివారం ఆమెకి ప్రోగ్రాం ఉందని టికెట్టు మీద చూశాను. కాలు లేకుండా ఎలా ఆడుతుంది? గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కి ఆ హాలుకి వెళ్ళాను. పక్క సీటాయన సంచిలోంచి పొడుచుకొచ్చిన పాదాన్ని చూసి రెండు సీట్లు అవతలికి జరిగాడు. ఆమె తీసుకుంది. థాంక్స్ లేదు, తిట్టు లేదు. "కూర్చుంటారా?" అని మాత్రం అడిగింది. కూర్చున్నాను.

ఏం చూశానో ఇప్పుడు రాయను. నాకే ఇంకా సర్దుకోలేదు. కానీ నీ కాలమ్ మళ్ళీ తీసి చూస్తే చివరి పావుగంట గురించి ఒక్క ముక్క లేదు. ఆ పావుగంటే కదరా అసలంతా. నువ్వు ఏమనుకున్నావు? నీకు నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పు. కళల సంగతి నీకు తెలిసినంత నాకు తెలియదు, నువ్వు చూసిందీ నేను చూసిందీ ఒకటేనా అని అడుగుతున్నాను.

అక్క


మార్చి 15

అక్కా,

నువ్వు కూడా పడిపోయావన్నమాట. అరగంట అటూ ఇటూ గెంతి ఇరవై ఆరేళ్ళ అనుభవాన్ని కరిగించేసింది. అదే దాని విద్య అనుకున్నాను. నిన్ను చూపించి నన్ను మెత్తబరచాలని ఎవరైనా నీ చేత రాయిస్తున్నారా? జడ్జి బంధువుల చుట్టూ తిరగడం వీళ్ళకి కొత్తేం కాదు. మొన్న టెలిఫోన్లాయన నీ మరదలికి పూలకుండీ పంపాడు. వెనక్కి పంపేద్దామనుకున్నాం గానీ అది బాల్కనీకి బాగా నప్పింది.

చివరి పావుగంట అడిగావు. ఏముంది అందులో? మొదటి ముప్పావుగంట ఎంతో అదీ అంతే, కాకపోతే ఇంకా జోరు. ఆ కాలు టకటకలు చివరికి ఎంత పెరిగాయంటే నాకు తలనొప్పి వచ్చింది. కాలి మీదే లైటు, కాలిదే చప్పుడు, మనిషి ఎక్కడా లేదు. అందుకే రాయలేదు. రాసి ఇంకా నొప్పించడం ఎందుకని ఊరుకున్నాను. నా దయాగుణం నీకెప్పుడూ కనపడదు.

ఇరవై నాలుగున తుది మీటింగు. చూశామన్న కాగితం మీద సంతకం పెట్టేశాను. దీని గురించి ఇక మనం మాట్లాడుకోవద్దు.

నీ తమ్ముడు


మార్చి 18

నువ్వు చూడలేదు.

సంబోధన లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. ఏమని పిలవాలో తోచలేదు.

చివరి పావుగంటలో ఆ కాలే లేదురా. ముక్కాలిపీట మీద కూర్చుని కాలు తీసేస్తుంది. తీసి స్టేజీకి ఒక చివర నిలబెడుతుంది, ఎవరో అతిథిని నిలబెట్టినట్టు. తర్వాత ఒంటికాలి మీద లేచి, అంతవరకూ ఆడినదాన్నే కుదించి మళ్ళీ మొదటినుంచి ఆడుతుంది. అవే ఒంపులు, అవే తిరగడాలు. కానీ టక్కుమనాల్సిన చోట టక్కు రాదు. ముప్పావుగంట విన్న చెవులు కదా, అక్కడికి రాగానే అందరికీ ఊపిరి బిగుసుకుంటుంది. నా పక్కన టై కట్టుకున్న పెద్దమనిషి ఉన్నాడు. ఆయన మడమ తనకి తెలియకుండానే నేలకి తగిలింది, టక్కు అని. వెనక వరసలో ఇంకొకరిది. తర్వాత ఇంకో పదిమందివి. ఆఖరికి హాలు హాలంతా ఆమెకి లేని కాలై ఆడింది. అందులో నా చెప్పు కూడా ఉంది. ఎప్పుడు మొదలుపెట్టానో నాకు తెలియదు. చూసుకునేసరికి నా కాలు ఆడుతోంది, మోకాలు నొప్పెడుతోంది, ఆపబుద్ధి కాలేదు.

ఆ రబ్బరు ముక్క ఎందుకు తీయించిందో నాకు అప్పుడు అర్థమైంది. నేను చంపేసిన చప్పుడుని అడిగింది ఎందుకంటే, ఉన్నది తెలిస్తేనే కదా లేనిది తెలిసేది.

నీకు తలనొప్పి వచ్చిందన్నావు. లేని చప్పుడికి తలనొప్పి తెచ్చుకున్న జడ్జివి నువ్వొక్కడివే. సగంలో లేచిపోయావు. మిగతాది నా వెక్కిరింతతో పూడ్చుకున్నావు. నీ ఇరవై ఎనిమిదేళ్ళలో ఇలాంటి సగాలు ఎన్ని ఉన్నాయో తలుచుకుంటే భయమేస్తోంది. ఎంతమంది నీ సగానికి బలయ్యారో!

నేను తక్కువేం తినలేదు. చూడకుండా నవ్వింది ముందు నేను. నాకు తెలిసిన పని గనక నవ్వే హక్కుందనుకున్నాను. నీకు ఆ మాత్రం పని కూడా తెలియదు, అదే తేడా.

ఫౌండేషన్‌కి ఇవాళ ఉత్తరం రాశాను. పేపర్లో పడిన మాట నాదని, చూడకముందు ఇంట్లో అన్నదని, ఆ జడ్జి నా తమ్ముడని, అతను పూర్తిగా చూడకుండా సంతకం పెట్టాడని అందులో చెప్పాను. నీ పదిహేనో తారీఖు ఉత్తరం నకలు కూడా జత చేశాను. ఆమెకి న్యాయం జరిగితే చాలు.

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

సంతోషమా? నిండా సంతోషమా?

నన్ను జడ్జిల్లోంచి తీసేశారు. చైర్మన్ నా మొహం చూడకుండా, కిటికీ వంక చూస్తూ చెప్పాడు. పేపరువాళ్ళు కాలమ్‌కి "కొంతకాలం విరామం" అన్నారు. నా చోట వంటల శీర్షిక వేశారు. దానికే ఎక్కువ ఉత్తరాలు వస్తున్నాయని సబ్‌ఎడిటర్ నాతోనే చెప్పాడు, వెధవ.

ఇంటి ఉత్తరాన్ని తీసుకెళ్ళి బయటివాళ్ళ బల్ల మీద పెట్టావు. ముందు ఆ పని చేసింది నేనే కదా అంటావు. నేను నీ పేరు చెప్పలేదు. నువ్వు నా పేరు, చిరునామా, చేతిరాత అన్నీ ఇచ్చావు.

అవును, లేచొచ్చేశాను. అరగంట చూశాను. చైర్మన్ బయట కాఫీకి రమ్మని సైగ చేశాడు. పెద్దమనిషి పిలిస్తే ఎలా కాదనను? మిగతాది ఊహించుకోవచ్చనిపించింది. ఎప్పుడూ ఊహించుకోగలిగాను. ఈ ఒక్కసారే తప్పింది.

ఇప్పుడు అసలు కబురు విను. ప్రైజు టెలిఫోన్లాయనకి వెళ్ళింది. నీ డాన్సర్‌కి ఎందుకు రాలేదో తెలుసా? నీ ఉత్తరం వల్ల. "వివాదంలో ఉన్న ఎంట్రీని ఈ ఏటికి పక్కన పెడుతున్నాం" అన్నారు. సంగీతం మాస్టారు నాకు ఫోన్ చేసి చెప్పాడు, నేను కాక మిగిలిన నలుగురిలో ముగ్గురు ఆమెకే వేద్దామనుకున్నారట. నీ కవరు రాకపోతే, నేను ఎదురు నిలిచినా ఆమెకే వచ్చేది.

నేను ఆమెని వెక్కిరించానంతే. నువ్వు ముంచేశావు. న్యాయం చేద్దామని బయలుదేరావుగా, చేసి చూపించావు.

తమ్ముడు


ఏప్రిల్ 9

చిన్నా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పని చేయలేకపోయాను. ఒక ముసలాయనకి ఎడమకాలి అచ్చుకి కుడిపాదం బిగించాను. ఆయన మంచివాడు, నవ్వి ఊరుకున్నాడు.

మూడో రోజు ఆమె దగ్గరికి వెళ్ళాను. మూతపడిన ప్రింటింగ్ ప్రెస్సులో రిహార్సలు చేసుకుంటుంది. మిషన్లు పీకేసిన గుంటల మీద చెక్కపలకలు పరుచుకుంది. నేను చెప్పిందంతా నిలబడే విన్నది. ప్రైజు పోవడానికి కారణం నేనేనని, నువ్వు నా తమ్ముడివని, అన్నీ చెప్పాను.

"అంటే, నిజం రాశారు" అంది.

"రాశానమ్మా."

"దాంతో నాకు నష్టం జరిగింది."

"జరిగింది."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు మేడమ్? మెచ్చుకోవాలా, క్షమించాలా? రెండిట్లో ఏది చేసినా ఒక పూట పడుతుంది. నాకు టైము లేదు, ఇరవై ఒకటిన ప్రోగ్రాం ఉంది."

అని లోపలికి వెళ్ళిపోయింది. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. లోపల్నించి మొదలైంది, టక్కు, టక్కు, బుస్సు. అది నా చేతి పని. నన్ను మాత్రం లోపలికి రమ్మనలేదు.

నువ్వన్నది నిజమే, ముంచాను. కానీ ఆ ఉత్తరం రాయకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకోలేకపోతున్నాను. నీతో నేను మళ్ళీ మామూలుగా ఉండగలనో లేదో కూడా తెలియదు. నీ మీద నాకున్నది కోపం కాదు, కోపమైతే దిగిపోతుంది. ఇది చులకన. నా మీద కూడా అదే ఉంది గనక నీకు కొంచెం తక్కువ పంపుతున్నాను.

ఇరవై ఒకటి శనివారం మధ్యాహ్నం మూడింటికి, స్కూలు హాల్లో. టికెట్టు జత చేశాను. నా పక్కది కాదు, కావాలనే దూరంగా కొన్నాను. వస్తే రా. వచ్చి సగంలో లేస్తే మాత్రం ఇక ఈ చిరునామాకి ఉత్తరం రాయకు.

అక్క


ఏప్రిల్ 23

అక్కా,

నువ్వు ముందు వరసలో ఉన్నావు, వెనక్కి తిరగలేదు. నేను వచ్చానో లేదో నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

వచ్చాను. చివరిదాకా కూర్చున్నాను. నిజం చెప్పమంటే మొదటి ముప్పావుగంట నాకు ఇప్పటికీ నచ్చలేదు. సాగదీసింది. నువ్వు ఒప్పుకోవు, సరే. ఆ కాలు తీసి పక్కన పెట్టాక మాత్రం చుట్టూ అందరి మడమలూ ఆడుతుంటే నేను రెండు పాదాలూ గట్టిగా నేలకి అదిమిపెట్టుకున్నాను. అలా అదిమిపెట్టుకోవడానికి నాకు చాలా కష్టమైంది. ఇంట్లో ఇప్పటికీ పిక్కలు నొప్పులు. నీ మరదలు నూనె రాస్తూ, "జడ్జిగారు ఏం పరిగెత్తారు?" అంటోంది.

అయిపోయాక నువ్వు వెళ్ళిపోయావు. నేను వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఏం చెప్పాలో వాక్యాలు రాసుకుని జేబులో పెట్టుకుని వచ్చాను. ఆవిడ మెడకి తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చింది.

"మీ గురించి పేపర్లో రాసినవాణ్ణండీ" అన్నాను.

"ఏది రాశారు?"

"ఫిబ్రవరిలో మీ ప్రోగ్రాం చూసి..."

"చాలామంది రాశారు. మీది ఏది? విరిగిన కుర్చీనా, గుర్రబ్బండా, గేటా?"

అక్కా, విరిగిన కుర్చీ అని ఇంకెవడో రాశాడట. గుర్రబ్బండి అని మరొకడు. ఈ రెండు నెలలూ నేను నా ఒక్క మాటే ఆవిణ్ణి పొడిచిందని, దాన్ని నేనే వచ్చి పీకాలని అనుకుంటున్నాను. వరసలో మూడోవాణ్ణి మాత్రమే.

"గేటు" అన్నాను.

నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. నేను అరవై రెండు మందిని అలాగే చూసి ఉంటాను.

"మీకు నడుంనొప్పి లాంటిదేం లేదు కదా?"

"లేదండీ."

"అయితే ఆ చివర పట్టుకోండి."

స్టేజీ మీద పరిచిన చెక్కపలకలు. పదకొండు. హాలు పై అంతస్తులో ఉంది, బండి కింద. ఒక చివర నేను, రెండో చివర బండి డ్రైవరు, ఆవిడ మెట్ల మధ్యలో నిలబడి దారి చెబుతోంది. "మెల్లిగా, లోపల డొల్ల అది" అని రెండుసార్లు కసిరింది. ఆరో పలక దగ్గర నా కోటు మేకుకి తగులుకుని చిరిగింది. ఎవరూ అయ్యో అనలేదు. చివరి పలక బండిలోకి తోశాక, ఇప్పుడు చెబుదామని జేబులోంచి కాగితం తీశాను. ఆవిడ అప్పటికే ముందు సీట్లో కూర్చుని, ఊడదీసిన కాలు ఒళ్ళో పెట్టుకుని, మోకాలిలో దుమ్ము గుడ్డతో తుడుచుకుంటోంది.

"వచ్చే నెల మొదటి శనివారం ఇంకో హాలుంది" అంది తల ఎత్తకుండా. "అక్కడా లిఫ్టు లేదు."

బండి కదిలింది. రమ్మందో, ఊరికే చెప్పిందో నాకు తెలియలేదు. కాగితం చేతిలోనే ఉంది. ఏ హాలో, ఎన్ని గంటలకో అడగడం మరిచిపోయాను. నీకు తెలిస్తే రాయి.

తమ్ముడు